కరవునాటి ధర



"అమ్మబోయిన నడవి, కొనబోయిన కొరివి" యను సామెతను మీరందరు నెరుగుదురు. ఈ సామెత కితర సీమలవారు వ్యాఖ్యానము వ్రాసికొనవలయునేమో గాని, మన యనంతపురపు మెట్టనేలలో నక్కరలేదు. కార్తికమాసమున వేరుసెనగ బస్తాలను బండి కెత్తి సంతకు గొనిపోయిన రైతునకు అడిగెడి దిక్కుండదు. ఆ రైతే జ్యేష్ఠమాసమున విత్తనమునకై బయలుదేరిన యెడల ధర చేయి కాల్చును. వస్తువు ఒకటే, ఊరు ఒకటే, మనుష్యు లొక్కరే. నడుమ మారినది ధర యొక్కటియే. అట్టి ధరను శాసించువా డెవ్వడు? దానిని దొరతనమువారు కట్టడి చేయదగునా? లేక దానిదారిని దానిని పోనీయదగునా? నేడు నేను మీతో ముచ్చటింప దలచిన విషయ మిదియే.

తర్కవ్యాకరణములు కొంత చదివి, ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు ఛందస్సును, సంధులను బోధించి విశ్రాంతి గైకొన్న నాకు ధరల గొడవ యేల యని మీరడుగవచ్చును. చెప్పెదను. ఈ విషయమై నా చిన్నతనమున నేనొక తప్పు చేసితిని. ఆ తప్పువలన మా గ్రామమున మూడువారములు అంగడిలో జొన్నలు లేకపోయినవి. ఆ కథ ముందుకు వచ్చును. దానికి బూర్వము, ఈ వాదము పుట్టిన చోటిని గూర్చి రెండుమాటలు చెప్పవలసి యున్నది.

ఈ వాదము ముఖ్యముగా ఇంగ్లండు దేశమున బెరిగినది. ఆదాం స్మిత్తను స్కాట్లండు పండితుడు 1776 వ సంవత్సరమున దేశముల సంపదను గూర్చి యొక మహాగ్రంథమును ప్రకటించెను. అందు ధాన్యవర్తకమును గూర్చి యొక ప్రత్యేక ప్రకరణము గలదు. దాని సారాంశ మిది. పంట తక్కువైన యేట వర్తకుడు ధర హెచ్చించును. లోకు లాతనిని నిందింతురు. కాని ధర హెచ్చుటచేత ప్రతి యింటను ముందునుండియే పొదుపు మొదలగును. ఉన్న ధాన్యము క్రొత్తపంట వచ్చువరకు సరిపోవును. సముద్రము నడుమ ఆహారము తరుగుచున్నదని యెరిగిన నౌకానాయకుడు తన నావికులకు మొదటినుండియే కొలత తగ్గించి పెట్టునట్లు, ధరయు జనులచేత కొలత తగ్గింపించుచున్నదని యాతని తాత్పర్యము. దొరతనమువారు కోపించి ధరను బలవంతముగా దించిన యెడల, జనులు మొదటి మాసములలోనే తినివేసి చివరి మాసములలో మాడుదురని యాతడు హెచ్చరించెను.

తరువాత 1945 లో, లండనునందు బోధించుచుండిన హాయెక్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు ఈ యభిప్రాయమునే మరియొక విధమున జెప్పెను. దేశమున నేమూల నేవస్తువు కొరతగా నున్నదో ఒక్క కచ్చేరిలో గూర్చున్న యధికారి కెన్నటికిని దెలియదు. ఆ జ్ఞానము లక్షలమందిలో తునుకలు తునుకలుగా నుండును. దాని నందరికి దెలుపు దండోరాయే ధర యని యాతని మతము. మన సంతలో జొన్న ధర పెరిగినదనగా, "ఇచ్చట కొరత యున్నది, ధాన్యమున్నవారు తీసికొని రండు" అని పొరుగు సీమలకు దండోరా వేసినట్లే గదా! ఈ మతమును ప్రచారము చేయుటకై లండనులో 1955 లో నొక సంస్థయు వెలసినది. మన తెలుగువారిలో గూడ ఈ పక్షమునకు పెద్దదిక్కు లేకపోలేదు. గుంటూరు మండలమందలి నిడుబ్రోలులో బుట్టి, ఆక్సుఫర్డులో అర్థశాస్త్రము చదివిన ఆచార్య గోగినేని రంగనాయకులుగారు, 1959 లో రాజాజీ ప్రభృతులతో గలిసి స్వతంత్రపార్టీని స్థాపించి దాని మొదటి యధ్యక్షులైరి. రైతు తన భూమిపై తాను స్వతంత్రుడై యుండవలయునని వారి పట్టుదల.

ఇక నా తప్పును జెప్పెదను.

నేను ఉద్యోగమున జేరిన తొలి వత్సరములలో ఒకయేడు వానలు బొత్తిగా ముఖము చాటు చేసినవి. చెరువు నెర్రెలు విచ్చినది. మా గ్రామమున ధాన్యపు అంగడి యొక్కటే. జొన్న ధర వారము వారము పెరుగుచుండెను. పెద్దలు రచ్చబండ కడ గూడి, ఇంతకు మించి జొన్నలు అమ్మరాదని కట్టడి చేయ నిశ్చయించిరి. తీర్మానము వ్రాయుటకు అయివారే తగినవాడని నన్ను బిలిచిరి. నేనును ధర్మకార్య మనుకొని, మంచి గ్రాంథికభాషలో, చక్కని దస్తూరితో దానిని వ్రాసి, క్రింద పెద్దలచేత వ్రేలిముద్రలు, సంతకములు వేయించితిని. ఆ రాత్రి నాకు గర్వముతో నిదుర పట్టలేదు.

అంగడి శెట్టిగారు ఎనిమిది దినములు ఆ ధరకే అమ్మిరి. తరువాత తలుపు మూసిరి. నేను వారియింటికి పోయి గట్టిగా నడిగితిని. వారు కోపింపక యిట్లనిరి: "అయివారూ, నేను కొన్న ధరే మీరు రాసిన ధర కంటే ఎక్కువ. ఈ బండి నష్టానికి అమ్మితే, రెండో బండికి నా దగ్గర దుడ్లు యాడుంటాయి?" మా యూరి మీదుగా పోవలసిన బండ్లు చుట్టుదారిని బట్టి పొరుగు సంతకు బోవుచున్నవని రెండు దినములలో తెలిసినది. అచ్చట కట్టడి లేదు.

మూడవ వారమున నొక యవ్వ మా బడి యరుగు కడకు వచ్చి కూర్చుండెను. ఆమెకు మగదిక్కు లేదు. ఒక మనుమరాలు మాత్రము గలదు. ఆమె నన్ను జూచి, "అయివారూ, నువ్వు రాసిన కాయితం బాగుండాదంట. అంగట్లో జొన్నల్యాకపాయ. ఆ కాయితం దంచుకోని సంగటి చేసుకోమంటావా?" అని యడిగెను. పిల్లలందరు వినుచుండిరి. నేను ప్రత్యుత్తరము చెప్పలేక పోయితిని.

ఆ మరునాడే పెద్దలతో జెప్పి తీర్మానమును తీసివేయించితిని. వారము తిరుగకముందే జొన్నబండ్లు వచ్చినవి. ధర మాత్రము మునుపటికంటెను హెచ్చు. ఆదాం స్మిత్తు చెప్పిన దంతయు మా రచ్చబండ కడ నిజమైనది. ఇంతటితో కథ ముగిసినచో, సంతకు స్వేచ్ఛ నిచ్చిన జాలును, కరవు తీరునని నేను మీకు జెప్పి సెలవు తీసికొని యుందును. కాని కథ ముగియలేదు. అవ్వ మరల వచ్చినది. "ఇప్పుడు జొన్నలుండాయి అయివారూ, నా చేతిలో దుడ్లు లేవు" అనెను.

ఈ రెండవ మాటను మన సీమ యొక మహావిపత్తులో మిక్కిలి వెలపెట్టి నేర్చికొన్నది. దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పుటకు నన్ను క్షమింపవలయును.

మన మండలము 1800 వ సంవత్సరమున నిజాముచే కుంఫిణీవారి కీయబడిన దత్తమండలములలోనిది. ఇంగ్లండు పండితుల వాదములకు మన నేల నాటినుండియే పరీక్షాస్థలమైనది. మొదటి ప్రధాన కలెక్టరైన తామస్ మన్రో దొర 1807 లో పై యధికారులకు బంపిన నివేదికలో, భూమి శిస్తును నూటికి 25 వంతున తగ్గింపవలయుననియు, అట్లయిననే రైతు చేతిలో నాలుగుగింజలు మిగిలి, భూమికి ధర యేర్పడి, క్రయవిక్రయములకు యోగ్యమగుననియు వ్రాసెను. పైవా రప్పు డంగీకరింపలేదు. ఆతడే 1820 లో మదరాసు గవర్నరై వచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు జరుగలేదు. పేదరైతునకు పన్నులో సడలింపు చూపి, చెరువులు కాలువలు త్రవ్వించిన రాజునకు ధనము దానంతట వచ్చునని ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున శ్రీకృష్ణదేవరాయలవారును చెప్పియుండుట సాహిత్యము చదివినవారికి దెలిసినదే. స్వేచ్ఛాపక్షమువారి వాదములో ఇది మనకు మేలు చేసిన భాగము.

ఇక రెండవ పరీక్ష. 1876 వ సంవత్సరమున, అనగా ధాత నామ సంవత్సరమున, నైరృతి ఋతుపవనములును ఈశాన్య ఋతుపవనములును రెండును తప్పినవి. ధాత కరవని మన ముత్తాతలు చెప్పుకొన్న దిదియే. అప్పటికి అనంతపురము ప్రత్యేక మండలము గాదు. బళ్ళారి మండలములో భాగము. ఇది వేరైనది 1882 లో. మదరాసు గవర్నరుగా నుండిన బకింగుహాం ప్రభువు ఆ యేటి చివరను, బయటికి బొక్కక, ఒక వర్తకసంస్థ ద్వారమున 30,000 టన్నుల ధాన్యమును కొనిపించెను. ఇది తెలిసి వైస్రాయి లిట్టన్ ప్రభువు ఆగ్రహించెను. దొరతనమువారు ధాన్యము గొన్న యెడల వర్తకులు జంకి వెనుకకు పోవుదురనియు, ధాన్యవర్తకమున జోక్యము కలిగించుకొనరాదనియు ఆయన శాసనము. ఇది ఆదాం స్మిత్తు పాఠమే. ఢిల్లీలో 1877 జనవరి 1 వ తేదిన విక్టోరియా మహారాణిని చక్రవర్తినిగా ప్రకటించిన దర్బారు మహావైభవముతో జరిగినది. ఆ మాసముననే సర్ రిచర్డు టెంపుల్ అను నధికారి మదరాసు రాజధానిలోని కరవుఖర్చును అదుపులో బెట్టుటకై పంపబడెను.

ఈ టెంపుల్ దొర చరిత్ర విచిత్రమైనది. అంతకు మూడేండ్లకు ముందు, 1873-74 లో బీహారు సీమలో కరవు వచ్చినపుడు, బర్మానుండి నాలుగు లక్షల టన్నులకు పైగా బియ్యము దెప్పించి జనులను గాచినవారిలో నాతడు ముఖ్యుడు. ఆ కరవున చనిపోయినవారు మిక్కిలి తక్కువ. అయినను ప్రజాధనమును దుబారా చేసెనని యింగ్లండులో నాతనికి నింద వచ్చినది. ఆ నిందను బాపుకొనుటకో యేమో, మన సీమకు వచ్చినప్పుడు చేతిని బిగించెను. కరవు పనులలోని కూలికి రోజునకు ఒక పౌను ధాన్యపు వెలయు, దానిపై కొద్ది చిల్లరయు జాలునని నిర్ణయించెను. పౌననగా నేటి తూకమున సుమారు 450 గ్రాములు. గడ్డపార పట్టి, రాళ్ళు కొట్టి, మన్ను మోయు మనుష్యునకు ఆ కొలత! మదరాసు ఆరోగ్యశాఖ కమీషనరైన డాక్టరు కార్నిష్ అను నాంగ్లేయ వైద్యుడు ఈ కూలి ప్రాణము నిలుపదని కాగితముల మీద కాగితములు వ్రాసి పోరాడెను. ఆ 1877 లోనే కూలిని కొంత పెంపక తప్పలేదు. కాని అప్పటికే జరుగవలసిన కీడు చాలవరకు జరిగియుండెను.

ఇచ్చట మీరొక సంగతిని శ్రద్ధగా గమనింపవలయును. వర్తకులు ధాన్యము తేలేదా? తెచ్చిరి. 1871 నాటికే తాడిపత్రి, గుత్తి, గుంతకల్లుల మీదుగా రాయచూరి వరకు రైలుదారి పడియుండెను. బంగాళమునుండి ఓడలలో మదరాసునకును, అచ్చటనుండి రైలులో పైసీమలకును ధాన్యము విరివిగా వచ్చినది. ధర రెండింతలు మూడింతలైనది గనుకనే అది వచ్చినది. దండోరా పనిచేసినది. కాని స్టేషనునుండి పల్లెకు జేర్చుటకు ఎద్దులు లేవు. గడ్డి లేక అవి చచ్చినవి. అన్నిటికంటె ముఖ్యముగా, వచ్చిన ధాన్యమును కొనుటకు కూలివాని చేత కాసు లేదు. పంట లేదు గనుక పని లేదు. పని లేదు గనుక కూలి లేదు. ధర యను దండోరా చెవులున్నవారందరికి వినబడునని పండితులు చెప్పిరి. నిజమునకు సంచిలో ధనమున్నవాని పిలుపే దానికి వినబడును. కాసు లేనివాని యాకలి ఎంత పెద్దదైనను ధర కది వినబడదు.

దీని ఫలమును జనాభా లెక్కలే చెప్పుచున్నవి. తరువాత అనంతపుర మండలముగా నేర్పడిన ప్రాంతమున 1871 లో ఏడు లక్షలకు పైగా నున్న జనము 1881 నాటికి సుమారు ఆరు లక్షలకు దిగినది. ఇంచుమించు ఐదుగురిలో నొకరు లేరు. కొందరు వలసపోయిరి, తక్కినవారు మట్టిలో గలిసిరి. మన పల్లెలలో ఆ తరమునకు బూర్వపు వంశవృక్షము చెప్పగలిగిన యిండ్లు తక్కువ గదా. కారణములలో నిదియు నొకటి యని నేను తలచుచుందును.

స్వేచ్ఛావర్తకపక్షము వారికి అన్యాయము చేయకుండ వారి సమాధానమును గూడ చెప్పవలయును. "అది స్వేచ్ఛ యెట్లగును? జనులకు ఓటు లేదు, శిస్తు విధించువా రొకరు, చెల్లించువారు వేరొకరు, ఇతర దేశమువారు తమకు వలసిన సిద్ధాంతమును మీమీద ప్రయోగించిరి" అని వారందురు. ఇందులో సత్యము లేకపోలేదు. మరియు నా పక్షమువారందరు కఠినులు గారు. ఈ కరవును విచారించుటకు 1878 లో నేర్పడిన సంఘమున జేంసు కేర్డు అను స్కాట్లండు దేశపు వ్యవసాయవేత్త సభ్యుడు. తన దేశమున విదేశధాన్యముపై సుంకములు పోవలయునని వాదించిన పక్షమువాడే. ఆ సుంకములు 1846 లో రద్దయినవి. అట్టి కేర్డు ఇచ్చటికి వచ్చి, కండ్లార జూచి, మదరాసునుండి వచ్చిన సల్లివన్ అను సభ్యునితో గలిసి, కొన్ని సీమలలో సర్కారే ధాన్యము నిలువ చేయవలయునని వేరభిప్రాయము వ్రాసెను. సిద్ధాంతము కంటె కన్ను పెద్దదని యొప్పుకొన్న పండితుని నేను గౌరవింతును.

ఆ సంఘము 1880 లో నిచ్చిన నివేదికలో మిక్కిలి సభ్యులు కేర్డు మాట వినలేదు. వర్తకమును ముట్టరాదనియే వ్రాసిరి. కాని రెండవ మాట నొకదానిని చేర్చిరి. పంట పోయిన వెంటనే పనులు తెరువవలయుననియు, ఆ పనులలో దేహమును నిలుపునంతటి కూలి యీయవలయుననియు, పని చేయలేనివారికి ఊరకే అన్నము పెట్టవలయుననియు. దీనినుండియే కరవు నిబంధనలు పుట్టినవి. చిత్రమేమనగా, మన కౌటిల్యుడును ఈ రెండు మాటలను చెప్పియుండెను. ఆతని యర్థశాస్త్రము తాళపత్రప్రతి 1905 లో మైసూరున శ్యామశాస్త్రిగారి కంట బడి, 1909 లో అచ్చయినది. వర్తకుని లాభము స్వదేశపు సరుకులపై నూటికి 5, పరదేశపు సరుకులపై నూటికి 10 అని యాతడు హద్దు పెట్టెను. తెచ్చుటలో శ్రమ హెచ్చు గనుక లాభమును హెచ్చు. కరవు వచ్చినపుడు మాత్రము రాజు విత్తనములను, ఆహారమును ఇచ్చి ఆదుకొనవలయుననియు, కోటలు, సేతువులు మొదలగు పనులను బెట్టి భోజనము కల్పింపవలయుననియు విధించెను.

కావున వాదము రెండు ప్రశ్నలుగా విడదీయవలసినది. ధర సంగతి యొకటి. సంచి సంగతి వేరొకటి. ధరను బలవంతముగా దించిన యెడల సరుకు పారిపోవును. ధరను వదలి సంచిని మరచిన యెడల మనిషి పోవును. లిట్టన్ ప్రభువు మొదటిదానిని మాత్రము చదివెను. నేను, మా గ్రామపెద్దలును రెండవదానిని మాత్రము తలచి మొదటిదానిని చెరపితిమి. ఆకలికి కారణము ధాన్యము లేకపోవుటయే కాదు, దానిని పొందు హక్కు మనుష్యునకు లేకపోవుట యని 1981 లో ప్రకటించిన గ్రంథమున అమర్త్యసేన్ పండితుడు విస్తరించి నిరూపించెను. మా యవ్వ దానినే రెండు వాక్యములలో నాకు జెప్పినది.

ఆ యేడు మా యూరి చెరువులో పూడిక తీయు పని సర్కారువారు పెట్టిరి. అవ్వ తట్ట నెత్తికెత్తినది. వారమునకు కూలి వచ్చినది. ఆ హెచ్చుధరకే జొన్నలు కొని, మనుమరాలిని బడికి బంపినది. చెరువు గట్టున నిలిచి హాజరుపట్టీ వ్రాసినవాడను నేనే. ఈసారి నేను వ్రాసిన కాగితము సంగటి యైనది.

ఇట్టి పనులకు చట్టబద్ధమైన హక్కు మన దేశమున 2005 లో నేర్పడినది. కుటుంబమునకు సంవత్సరమునకు 100 దినముల పని యని యా చట్టము విధించెను. ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు 2006 ఫిబ్రవరి 2 వ తేదిన దానిని ఆరంభించిన స్థలము మరి యెక్కడనో కాదు. మన నార్పల మండలమందలి బండ్లపల్లి. ధాత కరవున కూలి కొలతకై డాక్టరు కార్నిష్ పోరాడిన సీమలోనే ఆ దీపము వెలిగింపబడుట తగియున్నది.

ఈ వాదము పాతపడిన దనుకొనకుడు. ఉక్రెయినుపై రష్యా దండెత్తిన 2022 లో ఇంగ్లండున గ్యాసు, విద్యుత్తుల ధరలు మిన్నంటినవి. అచ్చటి చలి మన యెండవంటిదే. దానికోర్వక వృద్ధులు చనిపోవుదురు. ఆ సెప్టెంబరులో ప్రధానమంత్రిణి యైన లిజ్ ట్రస్ స్వేచ్ఛావిపణి మతమున గట్టి విశ్వాసము గలది. అట్టి యామెయే సాధారణ కుటుంబమునకు ఏడాది ఖర్చు సుమారు 2,500 పౌనులకు మించకుండునట్లు ధరను కట్టడి చేసెను. ఆ మాసము 23 వ తేదిననే, రాబడి మార్గము చూపకయే పన్నులను పెద్దయెత్తున తగ్గింతునని ఆమె ఆర్థికమంత్రి ప్రకటించెను. అప్పిచ్చువారు భయపడిరి, దొరతనపు ఋణపత్రముల విలువ కూలినది, సుమారు ఏడు వారములకే ఆమె పదవి ముగిసినది. పన్ను తగ్గింపవలయునన్న మన్రో దొరను మెచ్చిన మనము ఈమెను కాదనుట యేల యందురా? మన్రో రాబడిని లెక్కించి తగ్గింపుమనెను. లెక్క లేని తగ్గింపు అప్పునకు మారుపేరు.

ఆ యేడే ఆ దేశమున మరియొక మార్గమును గూడ నవలంబించిరి. సర్కారు సహాయము పొందుచున్న పేదకుటుంబములకు 650 పౌనులు నేరుగా చేతి కిచ్చిరి. ధరను అణచినపుడు పెద్ద మేడలో పదిగదులను వెచ్చజేసికొను ధనికునకు హెచ్చు లాభము, ఒక్కగదిలో ముడుచుకొనిన ముదుసలికి తక్కువ లాభము కలుగును. నేరుగా చేతి కిచ్చినపుడు ఆకలి గలవానికే యన్నము చేరును. ధర యను దండోరాయు మూగవోదు. ఈ రెండింటిలో నేది మేలని యచ్చటి పండితులు వాదించుకొనిరి. లండనులో గ్యాసును గూర్చి జరిగినదియు, మా రచ్చబండ కడ జొన్నలను గూర్చి జరిగినదియు ఒకటే వాదము.

మనము కొనువారము మాత్రమే కాము, అమ్మువారము గూడ. ఈ వైపు నుండి చూచిన యెడల స్వేచ్ఛాపక్షమువారి ఫిర్యాదు మన ఫిర్యాదే. గోధుమల యెగుమతిని 2022 మే నెలలోను, ఉల్లి యెగుమతిని 2023 డిసెంబరులోను కేంద్ర ప్రభుత్వమువారు నిషేధించిరి. పట్టణమువాని వంటింటి ఖర్చు తగ్గించుటకు రైతు సంతను మూసిరి. పేదకు అన్నము పెట్టుట ధర్మమే. ఆ ఖర్చును దేశమంతయు కలిసి బొక్కసమునుండి భరింపవలయును గాని, ఉల్లి పండించిన రైతొక్కని కళ్ళమునుండి తీయుట ధర్మము గాదు. ధర పడినపుడు అది దైవాధీనమని రైతును వదలి, ధర లేచినపుడు అది రాజాధీనమని పట్టుకొనుట ఏ శాస్త్రమునకును సమ్మతము గాదు.

పెద్దలారా, ముగించుటకు ముందు గ్రామమును నడుపు మీకు నాలుగు మాటలు విన్నవించెదను. మొదటిది, ధరను కాగితముమీద వ్రాసి కట్టడి చేయకుడు. దానికి మారుగా నాలుగు సంతల ధరలను ప్రతివారము రచ్చబండ గోడమీద వ్రాయింపుడు. ఇప్పుడు మీ మనుమల చేతిలోని ఫోనులోనే అవి దొరకుచున్నవి. ధర తెలిసిన రైతును మోసగించుట కష్టము. రెండవది, మీ యూరిమీదుగా పోవు సరుకును అడ్డగింపకుడు. దారి మూసిన యూరికి వచ్చు సరుకు గూడ రాదు. మూడవది, వాన తప్పినదని తెలిసిన నాడే పనులకై అర్జీ పెట్టుడు. జనులు వలసపోయిన పిమ్మట గాదు. పని పెట్టినపుడు కొలతను, కూలి చేతికి వచ్చిన తేదిని పుస్తకమున వ్రాసి యుంచుడు. రెండు మాసములు ఆలస్యముగా వచ్చిన కూలి, టెంపుల్ దొర కూలికంటె గొప్పది కాదు. నాలుగవది, పంట వచ్చినపుడు రానున్న విత్తనమునకు వలసిన కాయలను అమ్మక పాతరవలె గాపాడుకొనుడు. అమ్మబోయి అడవిని, కొనబోయి కొరివిని చూచుట ఆ ఒక్క వస్తువు విషయమున నైనను తప్పును.

నేను వ్రాసిన తీర్మానపు కాగితము ఇప్పటికిని మా యింట పెట్టెలో నున్నది. అక్షరములు వంకర లేకుండ నున్నవి. ఒక్క వ్యాకరణదోషమైనను లేదు. అయినను దానిని దీసి చూచినపుడెల్ల, పిల్లల నడుమ అవ్వ యడిగిన ప్రశ్న నా చెవిలో మ్రోగుచుండును. ఆ ప్రశ్నకు మీ గ్రామమున సమాధానము సిద్ధముగా నుండవలయునని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.